పేషీ దాకా వచ్చి ఆగిపోయిన కోర్టు ఉత్తర్వు: ఒక సీనియర్ పీఏ కేస్ స్టడీ

2023 జూలై 3, సోమవారం. సాయంత్రం నాలుగున్నర దాటింది. తపాల్ గుమాస్తా ఒకే ఒక్క కవరు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. మామూలుగా మధ్యాహ్నం కట్టతో వస్తాడు, ట్రేలో పెట్టి వెళ్తాడు. ఆ రోజు వెళ్లలేదు, నిలబడే ఉన్నాడు. కవరు మీద మా కమిషనర్ మేడమ్ హోదాతో పాటు ఆవిడ పేరు కూడా ఉంది. హైకోర్టు నుంచి ధిక్కరణ కేసు (కోర్టు ఆదేశం అమలు చేయలేదని పెట్టే కేసు) నోటీసు. జూలై 19న స్వయంగా హాజరు కావాలి.

ప్రభుత్వ చర్య మీద హైకోర్టులో వేసే మామూలు రిట్ పిటిషన్‌లో ప్రతివాది ఒక హోదా. ధిక్కరణ కేసులో ప్రతివాది మనిషి. 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు సాధారణ జైలు శిక్ష గానీ, రెండు వేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. జరిమానా చిన్నదే. కానీ ఒక అధికారి ఇన్నేళ్ల సర్వీసులో సంపాదించుకున్న పేరు కోర్టు హాల్లో నిలబడుతుంది. కేసు నంబరు చూశాను, పిటిషనర్ పేరు చూశాను. ఆ పేరు నాకు తెలుసు. ఆ అమ్మాయి మా పేషీకి, అంటే మేడమ్ గది బయట ఆవిడ పనులు చూసే మా ఆఫీసుకు, మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ మాట్లాడి పంపించింది నేనే.

నేను స్టెనో టైపిస్టుగా చేరి, ఇంగ్లీషు, తెలుగు షార్ట్‌హ్యాండ్ పరీక్షలు రాస్తూ ఒక్కో మెట్టూ ఎక్కి శాఖాధిపతి పేషీకి వచ్చినవాణ్ని. విజయవాడలో ఒక రాష్ట్రస్థాయి శాఖ కార్యాలయంలో పనిచేస్తున్నాను. శాఖ పేరు ఇక్కడ అవసరం లేదు. ఈ కేసును పూర్తిగా రాయడానికి కారణం ఒకటే. కొత్తగా పేషీల్లోకి వస్తున్న పిల్లలకు డిక్టేషన్ స్పీడు గురించి, టూర్ ప్రోగ్రాం వేయడం గురించి చెప్పేవాళ్లు ఉన్నారు. ఒక కాగితం పేషీలోకి వచ్చి కూడా అధికారి కంటపడకుండా ఎలా దాటిపోతుందో చెప్పేవాళ్లు తక్కువ.

ముందు ఆ అమ్మాయి కథ. తండ్రి మా శాఖలోనే ఒక డివిజన్ ఆఫీసులో అటెండర్. 2020 ఆగస్టులో సర్వీసులో ఉండగానే చనిపోయాడు. ఇలా చనిపోయిన ఉద్యోగి కుటుంబంలో ఒకరికి ఇచ్చే కారుణ్య నియామకానికి ఆధారం 1977 అక్టోబర్ 3న వచ్చిన జీవో 687. ఉద్యోగి చనిపోయిన ఏడాదిలోపు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆమె 2021 జూలైలో, తండ్రి పనిచేసిన డివిజన్ ఆఫీసులోనే దరఖాస్తు ఇచ్చింది. గడువుకు ఇంకా నెల ఉంది. డివిజన్ ఆఫీసు దాన్ని జిల్లా ఆఫీసుకు పంపింది నవంబరులో. జిల్లా ఆఫీసు తన ఇన్‌వర్డ్ తేదీనే, అంటే కాగితం తనకు అందిన తేదీనే, దరఖాస్తు తేదీగా తీసుకుంది. గడువు దాటిందని తిరస్కరించింది. ఆమె కమిషనర్‌కు అర్జీ పెట్టుకుంది. జవాబు రాలేదు. హైకోర్టుకు వెళ్లింది. ఎనిమిది వారాల్లో అర్జీని పరిశీలించి నిర్ణయం చెప్పమని కోర్టు కమిషనర్‌ను ఆదేశించింది. కేసు అడ్మిషన్ దశలోనే, అంటే మొదట్లోనే, ముగిసింది కాబట్టి మా ఆఫీసులో కౌంటరు (కోర్టుకు మన తరఫు జవాబు) రాసినవాళ్లు లేరు, ఆ కేసు నంబరు గుర్తున్నవాళ్లూ లేరు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఉత్తర్వులో గడువు ‘ఈ ఉత్తర్వు ప్రతి అందిన తేదీ నుంచి’ అని ఉంటుంది. అంటే గడియారం నడవడం మొదలయ్యేది మన తపాల్ గుమాస్తా కొట్టే రబ్బరు స్టాంపుతో. ఆ స్టాంపు మీద 2023 మార్చి 10, శుక్రవారం అని ఉంది. అక్కడి నుంచి ఎనిమిది వారాలంటే మే 5.

మార్చి 10న ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఆ సోమవారం సాయంత్రం ఈ-ఆఫీస్‌లో, అంటే వచ్చిన ప్రతి కాగితాన్నీ ‘రిసీట్’గా నమోదు చేసే కంప్యూటర్ వ్యవస్థలో, రిసీట్ నంబరు వెతికాను. దొరికింది. అందులో విషయం గడిలో ‘కారుణ్య నియామకం కోరుతూ అర్జీ’ అని ఉంది. రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన కవరులో మొదటి పేజీ ఆమె తెలుగులో చేత్తో రాసిన అర్జీ. కోర్టు ఉత్తర్వు దాని వెనక మూడో పేజీ నుంచి మొదలవుతుంది. డైరీ చేసిన అబ్బాయి మొదటి పేజీ చదివి విషయం టైపు చేశాడు. అతన్ని తప్పుపట్టలేను, రోజుకు వందకు పైగా కాగితాలు అతని చేతి మీదుగా వెళ్తాయి. స్కాన్ మాత్రం అన్ని పేజీలూ చేశాడు. ఉత్తర్వు కంప్యూటర్‌లో ఉంది. తెరిచి చూస్తే కనబడుతుంది.

తెరిచి చూడాల్సింది నేను. మేడమ్ ఇన్‌బాక్స్‌లోకి వచ్చిన రిసీట్లను ఆయా సెక్షన్లకు మార్క్ చేసే పని నాది. అది బడ్జెట్ సమావేశాల ముందు వారం. అసెంబ్లీ ప్రశ్నలకు జవాబులు, సప్లిమెంటరీలకు (అనుబంధ ప్రశ్నలకు) నోట్స్, వెలగపూడి సచివాలయానికి రోజుకు రెండు ట్రిప్పులు. ఆ శుక్రవారం సాయంత్రం అరవైకి పైగా రిసీట్లు విషయం మాత్రమే చదివి పంపించేశాను. ఈ కాగితం కూడా వాటిలో వెళ్లిపోయింది. రికార్డులో టైముతో సహా ఉంది, 6 గంటల 41 నిమిషాలు. ఒక్కసారి క్లిక్ చేసి పేజీలు కిందికి జరిపి ఉంటే సరిపోయేది.

సెక్షన్‌లో దాన్ని మామూలు అర్జీగానే చూశారు. ‘విచారించి నివేదిక పంపండి’ అని జిల్లాకు రాశారు. జిల్లా నుంచి నివేదిక రాలేదు. రిమైండర్ వెళ్లలేదు. మే 5 వచ్చింది, వెళ్లింది.

ఇంతవరకైతే దీన్ని కాగితాల పొరపాటు అనుకోవచ్చు. కానీ మధ్యలో మనిషి వచ్చింది.

మొదటిసారి ఏప్రిల్ 17న. మా దగ్గర సోమవారాలు సందర్శకులు ఎక్కువ. తల్లిని కూడా వెంట తెచ్చుకుంది. “సార్, మేడమ్ గారిని కలవాలి, కారుణ్య నియామకం గురించి” అంది. మేడమ్ వీడియో కాన్ఫరెన్స్‌లో ఉన్నారు. “ఫైలు సెక్షన్‌లో ఉంటుందమ్మా, సూపరింటెండెంట్ గారిని కలవండి” అన్నాను. రెండోసారి మే 8న. అప్పటికి గడువు దాటి మూడు రోజులు. ఈసారి ఒక జిరాక్సు కాగితం నా ముందు పెట్టింది. “సార్, దీని మీద సీలు చూడండి. మేం టైములోనే ఇచ్చాం. కోర్టు కూడా చూడమని చెప్పింది” అంది. నేను ఆ కాగితం వంక చూశాను గానీ చదవలేదు. అదే సమయానికి ల్యాండ్‌లైన్ మోగింది, సెక్రటరీ గారి పేషీ నుంచి. ఫోన్ పెట్టేసి తల ఎత్తేసరికి ఆమె కాగితం మడతపెట్టి సంచిలో పెట్టుకుంటోంది. “జిల్లా రిపోర్ట్ రావాలమ్మా, రాగానే మేమే కబురు చేస్తాం” అని చెప్పాను. ‘కోర్టు’ అన్న మాట నా చెవిన పడింది. అది నాకు గుర్తుంది. ఏ కోర్టు, ఏ ఉత్తర్వు అని అడగలేదు.

మూడోసారి జూన్ 5న. ఆ రోజు ఒక్కతే వచ్చింది. మధ్యాహ్నం నుంచి నాలుగింటి దాకా బెంచీ మీద కూర్చుంది. మా దఫేదారు (పేషీ గుమ్మం దగ్గర ఉండే సహాయకుడు) మంచినీళ్లు ఇచ్చాడు. మేడమ్ ఆ రోజు జిల్లాల టూర్‌లో ఉన్నారు, ఆ సంగతి ఆమెకు ముందే తెలియదు. వెళ్లేటప్పుడు, “ఇంక మా లాయరు గారికి చెప్పుకుంటాను సార్” అంది. కోపంగా అనలేదు. నేను తలూపాను. ఆ తర్వాత చాలా రాత్రులు ఆ మాట గుర్తొచ్చింది.

నోటీసు వచ్చిన సాయంత్రానికి తిరిగి వస్తాను. అప్పుడు మేడమ్ ఒక రివ్యూ మీటింగ్‌లో ఉన్నారు. మధ్యలో చీటీ పంపాలా, పొద్దున చెప్పాలా? కోర్టు తేదీకి పదహారు రోజులు ఉంది కాబట్టి అదే గంటలో చెబితే జరిగేదేమీ లేదు. పూర్తి వివరాలు లేకుండా చెబితే మాత్రం అందరి మీదా కేకలు, ఎవరికి వాళ్లు తప్పించుకునే సమాధానాలు మొదలవుతాయి. రాత్రి ఎనిమిదిన్నర దాకా కూర్చుని ఒక్క పేజీ తయారు చేశాను. తేదీల వారీగా కాగితం ఎప్పుడు వచ్చింది, ఎవరు ఎవరికి పంపారు, ఎక్కడ ఆగింది. అందులో ‘పీఏ, ఉత్తర్వు చూడకుండా మార్క్ చేశారు’ అన్న వాక్యం కూడా రాశాను. అది తీసేద్దామా అని ఒకసారి అనిపించింది. తీసేస్తే, సెక్షన్ అసిస్టెంట్ ఒక్కడి పేరే మిగులుతుంది. అతనికి సర్వీసు మూడేళ్లు.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు, ఫోన్లు మొదలు కాకముందే, నోటీసు, ఆ పేజీ కలిపి మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ రెండుసార్లు చదివారు. తర్వాత ఒక్కటే అడిగారు. “ఆ అమ్మాయి ఇక్కడికి ఎప్పుడైనా వచ్చిందా?”

“మూడుసార్లు వచ్చారు మేడమ్. మీ దాకా పంపలేదు” అన్నాను. విజిటర్స్ రిజిస్టర్ కూడా తెచ్చి చూపించాను.

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “సరే, ముందు పని చేద్దాం” అన్నారు. మాట పడతానని సిద్ధపడి వెళ్లినవాడికి ఆ నెమ్మది ఇంకా బరువుగా ఉంటుంది.

ఆ రోజు మధ్యాహ్నానికి సెక్షన్ నుంచి డ్రాఫ్ట్ వచ్చింది. ‘గడువు దాటి దరఖాస్తు చేసినందున తిరస్కరించడమైనది’ అని ఒకటిన్నర పేజీ. సూపరింటెండెంట్ గారి ఆలోచన తప్పేమీ కాదు. కోర్టు ‘పరిశీలించి నిర్ణయం చెప్పండి’ అంది గానీ ‘ఉద్యోగం ఇవ్వండి’ అనలేదు. కారణాలు రాసి తిరస్కరించినా ఉత్తర్వు అమలైనట్టే, ధిక్కరణ కేసు ముగుస్తుంది. చాలా ఆఫీసుల్లో ఇదే చేస్తారు. జిల్లా ఫైలులో ఉన్న తేదీ ప్రకారం ఆ డ్రాఫ్ట్‌లో అబద్ధం కూడా లేదు.

కానీ నాకు మే 8న చూసిన ఆ జిరాక్సు గుర్తుంది. గుండ్రటి సీలు, దాని మీద సంతకం. ఆ సీలు జిల్లా ఆఫీసుది కాదు.

ఇక్కడే పీఏ ఉద్యోగంలో అసలు చిక్కు ఉంది. ఫైలు మీద అభిప్రాయం చెప్పడం మన పని కాదు. చెప్పడం మొదలుపెడితే సెక్షన్లు మనల్ని నమ్మవు, నెమ్మదిగా బయటివాళ్లు మన చుట్టూ చేరతారు. ‘పీఏ గారు చెబితే అయిపోతుంది’ అన్న పేరు వచ్చిన పేషీలను చూశాను. నేను అలాంటి చోట పనిచేయాలనుకోను. అదే కారణంతో మేడమ్ డిజిటల్ సంతకం డాంగిల్ (సంతకం కోసం కంప్యూటర్‌కు తగిలించే చిన్న పరికరం) నా దగ్గర పెట్టుకోను. చాలా పేషీల్లో పీఏల సొరుగులోనే ఉంటుంది, పని త్వరగా అవుతుందని. నేను ప్రతిసారీ తిరిగి ఇచ్చేస్తాను. కానీ అభిప్రాయం వేరు, సమాచారం వేరు. అధికారికి తెలియని ఒక నిజం నాకు తెలిసినప్పుడు, ‘నాకెందుకు’ అని ఊరుకోవడం కూడా ఫైలును ఒక వైపు నెట్టడమే.

డ్రాఫ్ట్ లోపలికి పంపేటప్పుడు నోటితో చెప్పాను. “మేడమ్, మే 8న వచ్చినప్పుడు ఆమె ఒక కాగితం చూపించారు. దాని మీద డివిజన్ ఆఫీసు సీలులాంటిది ఉంది. నేను తేదీ చదవలేదు. ఆ ఆఫీసు ఇన్‌వర్డ్ రిజిస్టర్ ఇంతవరకు ఎవరూ చూసినట్టు ఫైలులో లేదు.” ఇంతే. ఇవ్వాలనీ అనలేదు, వద్దనీ అనలేదు.

మేడమ్ డ్రాఫ్ట్ పక్కన పెట్టారు. డివిజన్ ఆఫీసు నుంచి 2021 ఇన్‌వర్డ్ రిజిస్టర్‌ను మనిషి చేత తెప్పించమన్నారు. ఆ అమ్మాయిని 7వ తేదీ శుక్రవారం వ్యక్తిగత విచారణకు పిలవమన్నారు. ఆ ఫోన్ నేనే చేశాను. గొంతు గుర్తుపట్టి, “సార్, మళ్లీ సెక్షన్‌కే వెళ్లాలా?” అని అడిగింది. “కాదమ్మా, నేరుగా మేడమ్ దగ్గరికే. ఆ సీలు ఉన్న కాగితం తప్పకుండా తెచ్చుకోండి” అన్నాను.

రిజిస్టర్ గురువారం సాయంత్రం వచ్చింది. నీళ్ల మరకలు పడి, అట్ట ఊడిన పుస్తకం. జూలై నెల పేజీల్లో ఆమె పేరు ఉంది, విషయం ఉంది, నంబరు ఉంది. శుక్రవారం ఆమె తెచ్చిన జిరాక్సు మీద ఉన్నదీ అదే నంబరు. మేడమ్ రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. విచారణ ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

ఉత్తర్వు సోమవారం, 10వ తేదీన మేడమ్ నాకు డిక్టేట్ చేశారు. నాలుగు పేజీలు. ఇలాంటి ఉత్తర్వును స్పీకింగ్ ఆర్డర్ అంటాం. కారణాలు ఆ ఉత్తర్వులోనే ఉండాలి, చదివినవాడు ఇంకో కాగితం వెతుక్కోకూడదు. దరఖాస్తు శాఖకు చేరిన తేదీ డివిజన్ ఆఫీసు ఇన్‌వర్డ్ తేదీయే, ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పంపడంలో మేము చేసిన ఆలస్యాన్ని దరఖాస్తుదారు మీద వేయడం కుదరదు, తిరస్కరణ రద్దు, ఖాళీని బట్టి నియామకానికి చర్య తీసుకోవాలని జిల్లా అధికారికి ఆదేశం. షార్ట్‌హ్యాండ్ రాసుకునేటప్పుడు చెయ్యి ఒక దారిన, మనసు ఇంకో దారిన వెళ్లడం నాకు అలవాటు. ఆ రోజు రెండూ ఒకే దారిలో ఉన్నాయి.

ప్రభుత్వ ప్లీడర్ కార్యాలయంతో పని గురించి క్లుప్తంగా చెబుతాను. ఆర్డర్ కాపీ, ఆమెకు అందినట్టు సంతకం, తేదీల పట్టిక, ఆలస్యానికి బేషరతు క్షమాపణతో అఫిడవిట్. వీటిని వాట్సాప్‌లో పంపి ఊరుకోకుండా నేనే హైకోర్టు ఉన్న నేలపాడు వెళ్లి ప్లీడర్ గారి చేతికి ఇచ్చాను. 17వ తేదీన దాఖలైంది. 19న మేడమ్ పదింపావుకే కోర్టు హాల్లో ఉన్నారు. వెనక వరసలో ఫైలు ఒళ్లో పెట్టుకుని నేను. కేసు పిలిచేసరికి పన్నెండు దాటింది. ఉత్తర్వు అమలైందని నమోదు చేసి కేసు ముగించారు. బయటికి వచ్చేటప్పుడు ఆ అమ్మాయి, తల్లి మెట్ల దగ్గర ఉన్నారు. మేడమ్ ఆగి ఆ తల్లితో రెండు నిమిషాలు మాట్లాడారు. ఏం మాట్లాడారో నేను వినలేదు, దూరంగానే నిలబడ్డాను.

ఆ జిల్లాలో జూనియర్ అసిస్టెంట్ ఖాళీ ఉంది. ఆమె డిగ్రీ చదివింది. సర్టిఫికెట్ల పరిశీలన అయ్యాక ఆగస్టు చివర్లో నియామక ఉత్తర్వు ఇచ్చారు.

తర్వాత పేషీలో ఏం మార్చుకున్నామో రాస్తాను. మొదటి ప్రయత్నం చెడిపోయింది, అదీ చెప్పాలి. కోర్టు కేసులన్నింటికీ ఒక ఎక్సెల్ షీటు చేశాను. గడువు దగ్గరపడితే గడి ఎర్రగా మారేలా పెట్టాను. రెండు వారాలు బాగానే ఉంది. మూడో వారానికి ఆ షీటు తెరిచేవాణ్ని నేనొక్కణ్నే. ఇంకో పొరపాటు కూడా చేశాను. కోర్టు కాగితం ఏది వచ్చినా నాకు చెప్పమని సెక్షన్లకు చెప్పాను. దాంతో వాళ్లు తమ కోర్టు కేసుల రిజిస్టర్ రాయడం మానేశారు. ‘పేషీలో ఉంది కదా’ అన్నారు. రక్షణకు ఒక గోడ కట్టబోయి ఉన్న గోడను పడగొట్టినట్టయింది. సూపరింటెండెంట్లందరినీ కూర్చోబెట్టి, రిజిస్టర్ మీదే, గడువు మీదే, నేను గుర్తుచేసేవాణ్ని మాత్రమే అని మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

చివరికి నిలిచింది ఒక మామూలు లాంగ్ నోట్‌బుక్. అందులో నాలుగు గడులు: కేసు నంబరు, మనకు అందిన తేదీ, గడువు ముగిసే తేదీ, ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది. వారాలు అని రాయను, తేదీ లెక్కకట్టి రాస్తాను. పొద్దున డిక్టేషన్ ప్యాడ్‌తో పాటు దాన్నీ లోపలికి తీసుకెళ్తాను. మేడమ్ చూసి ఇనీషియల్ వేస్తారు. కంప్యూటర్‌లో ఉన్నదాన్ని మనం వెళ్లి చూడాలి. నోట్‌బుక్ టేబుల్ మీద ఉంటే అదే కంటపడుతుంది. నా అనుభవంలో తేడా అంతా అక్కడే వచ్చింది.

తపాల్ అబ్బాయికి ఒక్కటే చెప్పాను. కవరు తెరవగానే మొదటి పేజీ చూసి ఆగొద్దు, చివరి పేజీ దాకా తిప్పు. ఎక్కడ కోర్టు పేరు కనబడినా విషయం గడిలో మొదటి మాట ‘కోర్టు’ అనే ఉండాలి, తర్వాత గడువు తేదీ ఉండాలి. కవరు కూడా పారేయకుండా పిన్ చేసి ఉంచు, అందిన తేదీ మీద ఎవరైనా వాదనకు దిగితే పోస్టాఫీసు ముద్రే సాక్ష్యం. ఇక రిసీట్లు మార్క్ చేసేటప్పుడు నేను ప్రతిదీ తెరుస్తున్నాను. రోజుకు ముప్పావు గంట ఎక్కువ పడుతుంది. ఆ ముప్పావు గంట కోసం పొద్దున త్వరగా వస్తున్నాను.

గుమ్మం దగ్గర మార్పు అన్నింటికన్నా కష్టమైంది. వచ్చినవాళ్లను సెక్షన్‌కు పంపేముందు వాళ్ల చేతిలో ఉన్న కాగితం అడిగి తీసుకుని చదవాలని నియమం పెట్టుకున్నాను. ఫోన్ మోగితే దఫేదారు ఎత్తి, రెండు నిమిషాల్లో చేస్తారని చెబుతాడు. ఎంత పెద్ద పేషీ నుంచి వచ్చిన ఫోన్ అయినా అంతే. మొదట్లో ఒకరిద్దరికి కోపాలు వచ్చాయి. రెండోసారి వచ్చిన మనిషి పేరు పక్కన విజిటర్స్ రిజిస్టర్‌లో చిన్న చుక్క పెడతాం. మూడోసారి వస్తే ఏ ఫైలైనా, ఏ స్థితిలో ఉన్నా, ఒక్క వాక్యం రాసి మేడమ్ ముందు పెడతాం. వారానికి ముగ్గురో నలుగురో ఉంటారు. అందులో సగం మందికి ఇవ్వగలిగిన జవాబు ‘లేదు’ అనే. కానీ ఆ ‘లేదు’ కూడా మేడమ్ చెబితే విని వెళ్తున్నారు, బెంచీ మీద ఎదురుచూస్తూ కూర్చోవడం లేదు.

మేడమ్ తర్వాత బదిలీ మీద వెళ్లారు. కొత్త కమిషనర్ గారు వచ్చిన రోజు, బాధ్యతలు అప్పగించే ఛార్జ్ లిస్టులో కార్లు, ల్యాప్‌టాప్, తాళాలతో పాటు ఆ నోట్‌బుక్‌ను కూడా ఒక ఐటెమ్‌గా రాశాను. ఆయన తిరగేసి, మొదటి పేజీలో ఒక ఎంట్రీ కింద ఎర్ర ఇంకుతో గీత ఎందుకుందని అడిగారు. ఈ కేసు మొత్తం చెప్పాను. అప్పటికి గడువులు ఉన్న ఎంట్రీలు పదకొండు. రెండింటికి ఆ శుక్రవారమే ఆఖరు. ఆ రెండు ఫైళ్లూ ముందు తెమ్మన్నారు.